జహ్రా పాతింట్లో పొగ వేసిన సాయంత్రం

డిసెంబర్ 11, గురువారం

ఇస్త్రీ చేస్తుంటే ఓబులేసు ఫోన్. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ మామా అబాయా అంచు కాల్చబోయాను — ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలవాలి. కొద్దిలో తప్పింది.

వాళ్ళ కఫీల్ ఇంట్లో, బాబా అని పిలిచే ఆ యజమాని ఇంట్లో, వంటామె జనవరి ఒకటిన పని ఖలాస్ చేసుకుని శ్రీలంకకు పోతోందట. "మా బాబా అడిగినాడు మే... నీ పెండ్లాం వంట చేస్తాదా అని. మిద్దె పైన రూము. మెట్లు వెనకనుంచి. ఆ రూము మనకే... మనకే." రెండుసార్లు అన్నాడు ఆ మాట.

పెళ్ళయి ఐదేళ్ళు. ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కూడితే ఏడు నెలలు రావు. అతను అహ్మదిలో డ్రైవరు, నేను మిష్రిఫ్‌లో వంటమనిషి. ఒకే అరబ్బు దేశం, అరగంట దారి. నెలకొక శుక్రవారం హవల్లీ పార్కులో బెంచీ మీద కూర్చుని టీ తాగే మొగుడూ పెళ్ళాలం. పోయిన నెల ఎవరో పాకిస్తానీ ముసలాయన మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపుతూ పోయాడు. తాళి తీసి చూపిద్దామనిపించింది.

కావాల్సింది ఒక్క సంతకం. నన్ను వేరే ఇంటికి వదులుతున్నానని మామా రాసిచ్చే కాగితం, తనాజుల్. నెలాఖరు లోపల.

డిసెంబర్ 12

అడగలేదు. మామాకు తలనొప్పి. నాకు అంతకంటే ఎక్కువ.

డిసెంబర్ 13, శనివారం

అడిగాను. చేపలు కడుగుతూ, వెనక్కి తిరగకుండా అడిగేశాను. మొహం చూస్తే నోరు రాదని.

కాదనలేదు. అవుననలేదు. "జహ్రా పని అయిపోనీ మణీ, ఆ తర్వాత చూద్దాం, ఇన్షా అల్లా."

జహ్రా పని అంటే — జహ్రాలో ఖర్జూరం తోట మధ్య వాళ్ళ తాత కట్టిన పాతిల్లు. మట్టిల్లు, నూరేళ్ళు దాటిందంటారు. మామా వాళ్ళమ్మ అక్కడే పోయింది. ఆరేళ్ళయింది. అప్పటినుంచీ తాళంచెవి మామా దగ్గర ఉంది, అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. నన్నెందుకు పుట్టింటి బయట నిలబెట్టావని అక్క, నువ్వెప్పుడు అడిగావని చెల్లెలు మామా. ఆ అక్క ఉండేది కూడా మిష్రిఫ్‌లోనే, మాకు నాలుగు వీధుల అవతల. నాలుగు వీధులు, ఆరేళ్ళు!

ఇప్పుడు ఎవరు ముందు తగ్గారో తెలీదు, ఇరవై ఐదో తేదీ గురువారం అక్క ఆ ఇంటికి వస్తానందట. అప్పటిదాకా నా కాగితం సంగతి ఆ తల్లికి గుర్తుండదు.

డిసెంబర్ 16

గదిలో జెన్నీ పాటలు. ఫిలిప్పీన్స్ పిల్ల, నాతో పాటు ఈ ఇంట్లో ఉండేది. హవల్లీ నుంచి మూరెడు ప్లాస్టిక్ చెట్టు తెచ్చి మంచం తలాపున పెట్టింది. దానికి లైట్లు. పడుకుంటే ఎర్రగా పచ్చగా నా మొహం మీదే. తీయమనలేను. ఏడాదికొక పండగ.

ఇరవై నాలుగు నుంచి నాలుగు రోజులు దానికి సెలవు. పోయినేడు ఇవ్వలేదని ఈ ఏడు మామా మాటిచ్చింది. మాట తప్పదు మామా. ఇవ్వడమే కష్టం.

డిసెంబర్ 18, గురువారం

అనుకున్నంతా అయింది. జెన్నీ లేదు కాబట్టి జహ్రాకు నేను పోవాలి. వంటకే కాదు, చుట్టాలకు అందించడానికి కూడా.

రెండేళ్ళుగా నా రాజ్యం వంటగది గడప దాకానే. హాల్లోకి ట్రే పట్టుకుని పోయేది జెన్నీ. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నవ్వు. నా నవ్వు అలా రాదు. అడిగితే వస్తుంది, ఊరికే రాదు.

డిసెంబర్ 19

జెన్నీ పాఠం. గహ్వా అంటే వీళ్ళ కాఫీ. కూజా ఎడమ చేత్తో, కప్పు కుడి చేత్తో. నిండా పోయకూడదు, అడుగున కొంచెమే. నిండా పోస్తే తాగేసి పొమ్మని అర్థమట. మా ఊళ్ళో సగం గ్లాసు పోస్తే కొట్టుకుంటారు. తాగినవాళ్ళు కప్పు అటూ ఇటూ ఊపితే ఇక చాలని అర్థం. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. మంచినీళ్ళతో సాధన. జెన్నీ మహారాణిలా మంచం మీద కూర్చుని కప్పు ఊపుతుంది, నేను పోస్తాను. ఇద్దరం నవ్వి నవ్వి నీళ్ళన్నీ దుప్పటి మీద.

తర్వాత టీ, తర్వాత మిఠాయి, తర్వాత... మామా పిలిచింది, జెన్నీ పరుగెత్తింది. వచ్చేసరికి నాకు నిద్ర.

డిసెంబర్ 21

"అడిగినావా?"

"అడిగినా."

"ఏమన్యాది?"

"జహ్రా అన్యాది."

"జహ్రా ఏందే?"

కసిరాను. పెట్టేశాక బాధపడ్డాను. అతనికి మాత్రం ఏం తెలుసు.

డిసెంబర్ 24, బుధవారం — జహ్రా

పొద్దున జెన్నీ నన్ను కావలించుకుని, నుదుట ముద్దుపెట్టి పోయింది, చర్చికి, అటునుంచి వాళ్ళ అక్క గదికి. నేనూ మామా కారులో ఇటు. మామాయే నడిపింది. దారంతా స్టీరింగు మీద వేళ్ళు కొడుతూనే ఉంది. ఊరు దాటాక, నేనడక్కుండానే — "ఆదివారం ఆఫీసుకు పోదాం. నీ కాగితం మీద సంతకం పెడతాను. ముందు రేపు గడవనీ."

ఆదివారం! కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మొహంలో సంతోషం కనపడితే తగ్గిస్తుందేమోనని పిచ్చి భయం.

ఇల్లు చూశాను. మట్టిదైనా మేడ అనుకున్నాను. మిద్దె! అచ్చం మా మిద్దె. మందపు మట్టిగోడలు, పైన కొయ్య దూలాలు, వాటి మీద చాప, చాప మీద మట్టి. నడుమ ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ గదులు. పెద్ద తలుపులో మళ్ళీ ఒక చిన్న తలుపు, వంగి దూరాలి. దూలాలు మీ దేశంనుంచి ఓడల్లో వచ్చినవే అంది మామా. అంటే నాకంటే ముందు వచ్చిన పనివాళ్ళు, ఇంకా మోస్తున్నాయి.

తోట కాపలాకు మనాయనే. సత్తిబాబు, కోనసీమ. పదకొండేళ్ళుగా ఇక్కడే. నా తెలుగు వినగానే — "కడపోళ్ళా అమ్మా? అమ్మయ్య, మనిషి మాట విని నాల్రోజులైంది." మిద్దె పైన ఒక మూల వాన తడి చూపించి, చవుడు మట్టి వేస్తే ఆగుతుందన్నాను. "మాయి పెంకుటిళ్ళమ్మా, నాకేం తెలుస్తాయి" అని నవ్వాడు.

సాయంత్రం దాకా ఊడ్చాను. ఆరేళ్ళ దుమ్ము. ముసలమ్మ పడుకున్న గది మాత్రం మామాయే ఊడ్చింది. తలుపేసుకుని.

డిసెంబర్ 25, గురువారం, పొద్దున

జెన్నీ ఫోటో పంపింది. ఎర్ర గౌను. ఎంత బాగుందో. "హ్యాపీ క్రిస్మస్ మణీ" — నేనూ పంపాను. చలి. వేళ్ళు వంకర్లు. మాంసం పొయ్యి మీద ఉంది. మామా నాలుగు చీరలు... కాదు, నాలుగు గౌన్లు మార్చింది. నేను కాఫీ కప్పులు మూడుసార్లు తుడిచాను. ఇద్దరికీ ఒకటే రోగం.

అదే రోజు, సాయంత్రం

ఏదో చేశాను. రేపు రాస్తాను.

డిసెంబర్ 26, శుక్రవారం

రాయాలి. రాయకపోతే ఇది లోపల తిరుగుతూనే ఉంటుంది.

నాలుగింటికి వచ్చింది పెద్ద మామా. మనసులో అలాగే పిలుచుకున్నాను ఆమెను. పొడుగు, కర్ర, మామా ముక్కే. చిన్న తలుపులోంచి వంగి వచ్చి వాకిట్లో నిలబడి చుట్టూ చూసింది. చాలాసేపు. తర్వాత అక్కాచెల్లెళ్ళు చెంపలు తాకించుకున్నారు. చెంపలే.

పొడవు గదిలో చెరో గోడకు కూర్చున్నారు. నేను గహ్వా పోశాను. ఎడమ చేయి, కుడి చేయి, అడుగున కొంచెం. ఒక్క చుక్క కారలేదు. పెద్ద మామా మూడో కప్పుకు ఊపింది. టీ. మిఠాయి. అన్నీ సక్రమం. మాటలే లేవు. వానల గురించి ఒకటి, రోడ్డు గురించి ఒకటి. నేను తలుపు పక్కన కూజా పట్టుకుని నిలబడ్డాను.

పొద్దు గూకింది. నమాజు చేసి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. నేను వంటింట్లోకి వచ్చాను. అప్పుడు చూశాను. మూల పళ్ళెంలో ధూపం పాత్ర, బొగ్గులు, పక్కన డబ్బాలో వాసన కోసం కాల్చే ఊదు చెక్క ముక్కలు. మామా అన్నీ తెచ్చి సిద్ధంగా పెట్టింది.

నా బుద్ధి ఏం చెప్పింది? దీపాలు పెట్టే వేళ. ఆరేళ్ళ తర్వాత ఇంటి ఆడపడుచు పుట్టింటికి వచ్చింది. మా ఇంట్లో అయితే ఈ వేళకు సాంబ్రాణి వేసి ఇల్లంతా తిప్పుతాం, లక్ష్మి లోపలికి రావాలని. మామా హడావిడిలో మర్చిపోయి ఉంటుంది. నేనే చూసుకోవాలి. నేనే! ఎంత తెలివి. బొగ్గు రాజేసి, రెండు ముక్కలు వేసి, ఊది ఊది, పొగ బాగా లేచాక చేతుల్లో పెట్టుకుని, మా అమ్మ నడిచినట్టు నడుచుకుంటూ లోపలికి పోయాను.

పెద్ద మామా మాట్లాడుతోంది. అప్పుడే మొదలుపెట్టింది. నా అరబీ అంతంతమాత్రమే, అయినా అమ్మ, ఆ మూల, చివరి రోజు — ఇవి తెలిశాయి. మామా ముందుకు వంగి వింటోంది. కళ్ళ నీళ్ళు. పెద్ద మామా తలెత్తి పొగ చూసింది. మాట అక్కడే ఆగింది.

నేను ఆమె ముందు పెట్టాను. ఆమె చాలా మర్యాదగా మూడుసార్లు పొగను తల మీది గుడ్డకు తోసుకుంది. కర్ర పట్టుకుని లేచింది. మామా కంగారుగా లేచి "కూర్చో, కూర్చో, నేను పంపలేదు ఇది..." పెద్ద మామా అంది, నెమ్మదిగానే — "నీ ఇంట్లో నీకు తెలియకుండా పొగ వస్తుందా? నీ ఆతిథ్యం బాగుంది."

వంగి చిన్న తలుపులోంచి పోయింది. కారు పోయిన చప్పుడు. పళ్ళెం నిండా అన్నం, మాంసం, ఎవరూ ముట్టలేదు. నేను ఆ పాత్ర చేతుల్లో పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాను. కాలుతోంది, తెలియలేదు.

మామా తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎవరు చెప్పారు నీకు?" "ఎవరూ చెప్పలేదు మామా." "ఖలాస్. పో."

వంటింటి తలుపు దగ్గర సత్తిబాబు — "ఎంత పని చేసేసేవమ్మా! ఈళ్ళ ఇళ్ళల్లో పొగ ఆఖర్న తెస్తారు. తెచ్చేరంటే ఇంక లెగండి అన్నట్టు. ఆ తరవాత ఎవరూ కూర్చోరు. సాగనంపడం అన్నమాట."

సాగనంపడం. ఇంటి ఆడబిడ్డను, పుట్టింట్లోంచి, ఏడుస్తున్నప్పుడు, నా చేతులతో. మా ఇంట్లో పిలిచే పొగ అది. ఎవరికి చెప్పుకోను?

డిసెంబర్ 27, శనివారం — మిష్రిఫ్

రేపే ఆఫీసుకు పోవాల్సింది. ఓబులేసు టైపు చేయించి పంపిన కాగితం దిండు గలీబులో ఉంది. మామా గదిలోంచి రాలేదు. తిండి పళ్ళెం తలుపు బయట పెట్టాను, అలాగే తీసుకొచ్చాను. మూడు పూటలు.

ఓబులేసుకు అంతా చెప్పాను. మొదట నవ్వాడు. నా గొంతు విని ఆపాడు. "నీకేం తెలుసు మే, తెలిసి చేసినావా... ఏడ్చాకు." తర్వాత తిన్నావా, చలిగా ఉందా అని ఏవేవో అడిగాడు. ఆఖరికి, "సంతకం...?" అన్నాడు. పాపం అడగకుండా ఉండాలని చూశాడు, ఉండలేకపోయాడు.

జెన్నీ వచ్చింది. విన్నది. చెట్టు పీకి సంచిలో పెట్టేసి మంచం మీద బోర్లా పడింది. "చెప్పబోయాను, ఆరోజు చెప్పబోయాను మణీ..." దాని తప్పు కాదు. నేనే, గడప దాటగానే పెద్ద పెత్తనం.

డిసెంబర్ 28

నాలుగు వీధులు. పాలు తేవడానికి జమియా దుకాణానికి పోతే పెద్ద మామా వీధి మొదలు కనపడుతుంది.

పోతే? ఇంటి గుట్టు పక్కింటికి మోసిన పనిమనిషి. మామాకు తెలిస్తే సంతకం మాట దేవుడెరుగు, ఎయిర్‌పోర్టే. పోకపోతే? ఆరేళ్ళ తర్వాత నోరు తెరిచిన మనిషి, నా వల్ల మూసుకుంది. ఇంకో ఆరేళ్ళు. ఆ కర్ర, ఆ వయసు... ఇంకో ఆరేళ్ళు ఉండాలి కదా.

కూర్చోలేను, నిలబడలేను. చపాతీలు మాడ్చాను.

డిసెంబర్ 29, సోమవారం

పోయాను.

గేటు గోడకు ఉన్న మిషన్‌లోంచి "మినూ?" — ఎవరు? "నేను మణి. జహ్రా ఇంట్లో పొగ తెచ్చిన మనిషిని." గేటు తెరుచుకుంది.

పెద్ద మామా కుర్చీలో కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను, వచ్చిన అరబీలో, రానిచోట చేతులతో. పొగ నేను. మామా కాదు. మామాకు తెలీదు. నా దేశంలో పొగ — తలుపు వైపు చూపించి, లోపలికి — ఇలా. రా, రా అని. ఆడపిల్ల ఇంటికొస్తే. పో అని కాదు. వల్లా, ఒట్టు, పో అని కాదు. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

"నా చెల్లెలు పంపిందా నిన్ను?"

"లేదు. తెలిస్తే కోప్పడుతుంది."

నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇది చెప్పినందుకు నీకేం కావాలి?"

"ఏం వద్దు" అన్నాను.

ఏం వద్దు! రోషం పొడుచుకొచ్చింది, ఏదో ఆశించి వచ్చినట్టు అడిగేసరికి. గేటు దాటాక గుర్తొచ్చింది. ఈ లోకంలో నాకు కావాల్సింది ఒకే ఒకటి, అడిగిన మనిషి ఎదురుగా ఉంది, నేను ఏం వద్దన్నాను. పాల ప్యాకెట్ తీసుకోకుండానే ఇంటికి వచ్చాను.

డిసెంబర్ 30, మంగళవారం

పెద్ద మామా వచ్చింది. మిష్రిఫ్ ఇంటికి. ఫోన్ లేదు, కబురు లేదు.

తలుపేసుకుని ఇద్దరూ రెండు గంటలు. మొదట అరుపులు. జెన్నీ నా చేయి పట్టుకుంది. తర్వాత ఏడుపులు. తర్వాత — నమ్మలేదు — నవ్వు. మామా నవ్వితే ఇలా ఉంటుందని రెండేళ్ళలో తెలియలేదు.

పిలిచారు. మామా కళ్ళు వాచి ఉన్నాయి. "నాకు చెప్పకుండా గడప దాటావు." "తప్పే మామా." "ఇంకెప్పుడూ దాటకు." అని నా చెంప తట్టింది! పెద్ద మామా అంది — చలి పోయేదాకా మేమిద్దరం జహ్రాలో ఉంటాం. రెండు నెలలు. వంటకు ఈ పిల్లే ఉండాలి. ఇంకెవరూ వద్దు. "పొగ కూడా ఈమే వేస్తుంది, వచ్చేటప్పుడు" అంటే ఇద్దరూ మళ్ళీ నవ్వు. మామా అంది, నా భుజం మీద చేయి వేసి — "ఉంటుంది. మణి ఎక్కడికి పోతుంది? మణి మా మనిషి."

మా మనిషి. రెండేళ్ళుగా ఆ చేయి నా భుజం మీద పడలేదు. ఎంత బాగుందో. ఎంత బరువుగా ఉందో. నేను నవ్వాను. అడక్కుండానే వచ్చింది నవ్వు, ఛీ.

సంతకం మాట ఎవరికీ గుర్తు లేదు.

వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు కోశాను. అవసరం లేకపోయినా. ఓబులేసు ఫోన్: "మా బాబా రేపు సాయంత్రం ఐదు దాకా చూస్తానన్యాడు. ఇంకొకామె కోసం ఎవరో అడుగుతాండారు..." జరిగింది చెప్పాను. వాళ్ళు కలిశారని చెప్తే, "మంచి పని చేసినావు మే" అన్నాడు. నిజంగానే అన్నాడు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

డిసెంబర్ 31, బుధవారం

మూడున్నర. ఇద్దరూ హాల్లో ఉన్నారు. జహ్రాకు ఏం పట్టుకుపోవాలో రాసుకుంటున్నారు. పరుపులు, హీటర్లు, నేను.

జెన్నీ గహ్వా ట్రే పట్టుకుని నిలబడింది. "ఇవాళ వద్దు మణీ. సంతోషంగా ఉన్నారు. పాడు చేయకు. తర్వాత అడుగు." తర్వాత అంటే ఎప్పుడు? ఆ గదిలో అప్పటికి వేరే వంటామె ఉంటుంది.

కాదంటుందేమో. పొగరంటుందేమో. నిన్న వేసిన చేయి తీసేస్తుందేమో — దానికే ఎక్కువ భయంగా ఉంది, ఎందుకో. అక్క ఎదురుగా అడిగానని ఇంకా కోపం రావచ్చు. రానీ. మొన్న పెద్ద మామా అడిగినదానికి ఈరోజు జవాబు చెప్తాను.

ట్రే దగ్గరే ఉంచుకోమని జెన్నీకి చెప్పాను. గలీబులోంచి కాగితం తీశాను. నలిగింది. చేత్తో సాపు చేశాను, సంతకం చోటు ఖాళీగానే ఉంది. నాలుగు కావస్తోంది. పోతున్నా.